90 మంది ఉన్న మెషీన్ షాపులో జాబ్ కార్డులు తీసేసి ఈఆర్‌పీ పెట్టాలి: ఎక్కడ మొదలుపెట్టాలి, మనుషుల్ని ఎలా కలుపుకోవాలి?

విభాగం: పరిశ్రమలు, నిర్వహణ

#1 చెర్లపల్లి_షాప్
నమస్కారం. ఎలాగూ అడుగుతారు కాబట్టి వివరాలన్నీ ముందే ఇస్తున్నాను. మాది సీఎన్‌సీ (కంప్యూటర్ అదుపులో నడిచే) టర్నింగ్, మిల్లింగ్ జాబ్ షాపు, ప్రైవేట్ లిమిటెడ్. మెషీన్లు 22, షిఫ్టులు రెండు, మొత్తం మనుషులు 90. అందులో ఆపరేటర్లు, సెట్టర్లు కలిపి 60. వీళ్లలో సగం మంది ఒడిశా, బిహార్ వాళ్లు. టర్నోవర్ 18 కోట్లు. బిల్లింగ్ ట్యాలీలో, ప్రొడక్షన్ జాబ్ కార్డుల (ఏ పని ఎంత అయిందో ఆపరేటర్ రాసే కాగితాల) మీద, స్టోర్స్ రిజిస్టర్లలో, డిస్పాచ్ ప్లాన్ ఒకే ఒక్కరి ఎక్సెల్‌లో నడుస్తున్నాయి. ఈఆర్‌పీ (స్టోర్స్, ప్రొడక్షన్, అకౌంట్స్ అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) కొనాలని నిర్ణయం అయిపోయింది, ఏ కంపెనీది అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. స్టోర్స్, ప్రొడక్షన్, అకౌంట్స్, ఫేస్ అటెండెన్స్ అన్నీ ఏప్రిల్ 1న ఒకేసారి మొదలుపెడదామని వెండర్ అంటున్నాడు. సూపర్‌వైజర్లు నలుగురూ అవుననరు, కాదనరు. ఆపరేటర్లలో మాత్రం "కంప్యూటర్ వచ్చాక మనుషుల్ని తీసేస్తారట" అనే మాట తిరుగుతోంది. దేని తర్వాత ఏది చేయాలి?

#2 ప్లాంట్‌హెడ్_తడ
నాలుగూ ఒకే రోజు మొదలుపెడితే ఏది ఎందుకు ఆగిందో ఎవరికీ తెలియదు. వెండర్‌కి అది సులువు, ఒకేసారి వచ్చి బిల్లు తీసుకుని వెళ్లిపోతాడు. మీ సైజుకి నేను చెప్పే వరుస ఇది: స్టోర్స్, కొనుగోళ్లు ముందు. అవి నిలిచాక డిస్పాచ్, బిల్లింగ్. ఆ తర్వాత ప్రొడక్షన్, అదీ ఒక సెల్‌లో నాలుగైదు మెషీన్ల మీద. అటెండెన్స్ చిట్టచివర. స్టోర్స్ నిల్వ తప్పుగా ఉంటే దాని మీద నిలబడే ప్రొడక్షన్ ప్లాన్ మొదటి వారమే అబద్ధం చెబుతుంది. "కంప్యూటర్ చెప్పేదంతా తప్పు" అని షాపు ఒకసారి అనుకుందంటే, ఆ పేరు పోగొట్టుకోవడానికి ఆరు నెలలు పడుతుంది.

అటెండెన్స్ చివర ఎందుకంటే, మొదట కనిపించేది అదే అయితే మొత్తం వ్యవహారం తమ మీద నిఘా కోసమేనని అందరూ ఖాయం చేసుకుంటారు.

#3 స్టోర్స్‌రూమ్
పైమాటతో ఏకీభవిస్తాను. అయితే స్టోర్స్ కంటే ముందు ఐటెమ్ మాస్టర్, అంటే ప్రతి సరుకుకీ ఒకే పేరు, ఒకే కోడ్ ఉండే జాబితా ఉంది. సగం షాపులు అక్కడే బోల్తా పడతాయి. ఒకే బేరింగ్ మీ రిజిస్టర్లలో "6205 ZZ", "6205-2Z", "బేరింగ్ 25 ఐడీ" అని మూడు పేర్లతో ఉంటుంది, రాసి పెట్టుకోండి. ZZ అన్నా 2Z అన్నా రెండు వైపులా రేకు షీల్డే, కంపెనీని బట్టి రాత మారుతుంది. ఆ రెండింటినీ ఒకే కోడ్ కిందికి తేవచ్చు. 2RS మాత్రం రబ్బరు సీల్, దాన్ని కలపకూడదు. C3 అని ఉంటే లోపలి క్లియరెన్స్ వేరు, దానికీ వేరే కోడ్. ఈ తేడా వెండర్ పంపే డేటా ఎంట్రీ కుర్రాడికి తెలియదు, మీ స్టోర్స్ కీపర్‌కి తెలుసు. కాబట్టి మాస్టర్ తయారీకి బయటివాణ్ని పెట్టకండి. స్టోర్స్ కీపర్‌ని రోజుకి రెండు గంటలు ఆ పని మీద కూర్చోబెట్టి, ఆ రెండు గంటలు కౌంటర్ దగ్గర ఇంకొకరిని నిలబెట్టండి.

ఇందులో ఇంకో లాభం ఉంది. ఈ మార్పులో అందరికంటే ఎక్కువ పోగొట్టుకునేది స్టోర్స్ కీపరే. ఏది ఎక్కడుందో అతనికి మాత్రమే తెలియడం వల్లే అతనికి విలువ. మాస్టర్ అతని చేత్తో తయారైతే ఆ విలువ పోదు, రూపం మారుతుంది.

#4 టూల్‌రూమ్67
గివన్నీ మంచిగనే ఉన్నయి గని, అసలు సంగతి చెప్త వినుండ్రి. సేటు పొద్దున వచ్చి "రిజిస్టర్ తే" అన్నంత కాలం ఎవ్వడు కంప్యూటర్ల కొట్టడు. కొట్టినా సాయంత్రం రిజిస్టర్ చూసి కొడ్తడు. మీరు మీటింగ్‌ల అడిగే ప్రశ్నలు స్క్రీన్ చూసి అడుగుండ్రి. స్క్రీన్ల లేకుంటే "లేదు" అనుకోండ్రి, పక్కకు పిలిచి నోటితోని అడగకుండ్రి. పదిరోజుల్ల సూపర్‌వైజర్లే దారికొస్తరు.

#5 చెర్లపల్లి_షాప్
టూల్‌రూమ్ అన్నా, దెబ్బ సరిగ్గా తగిలింది. ఉదయం 9 గంటల మీటింగ్ మొత్తం రిజిస్టర్ల మీదే నడుస్తుంది. స్టోర్స్ గారూ, మాస్టర్ అయ్యాక ఓపెనింగ్ స్టాక్ లెక్కింపు ఎలా చేయాలి?

#6 స్టోర్స్‌రూమ్
ఆదివారం, ఇష్యూలు పూర్తిగా ఆపేసి. శనివారం రెండో షిఫ్టు అయ్యాక స్టోర్స్‌కి తాళం, తాళం చెవి మీ దగ్గర. ఇద్దరిద్దరి జట్లు: ఒకరు స్టోర్స్ మనిషి, ఒకరు షాపు మనిషి. చేతిలో పెట్టే షీటు మీద ఐటెమ్ పేరు, చోటు మాత్రమే ఉండాలి. పుస్తకంలో ఎంత ఉందో కనపడకూడదు. కనపడితే 47 ఉన్నా పుస్తకంలోని 50 రాసేస్తారు. లెక్కపెట్టిన ర్యాకుకి రంగు స్టిక్కర్ వేయండి. ఖరీదైన వాటిని, అంటే ఇన్‌సర్టులు, కార్బైడ్ ఎండ్‌మిల్లులు, రాగి, స్టెయిన్‌లెస్ బార్లను, రెండో జట్టుతో మళ్లీ లెక్కపెట్టించాలి.

అందరూ మర్చిపోయేది గేటు బయట ఉన్న సరుకు. ప్లేటింగ్‌కి, హీట్ ట్రీట్‌మెంట్‌కి పంపినవి మీ స్టాకే. జాబ్ వర్కర్ దగ్గర ఎంత ఉందో సంతకంతో కాగితం తెప్పించుకుని, ఒక్కో జాబ్ వర్కర్‌ని ఒక్కో గోడౌన్‌గా సిస్టమ్‌లో పెట్టండి. మెషీన్ల మధ్య ట్రాలీల్లో సగం తయారైన సరుకునీ ఆపరేషన్ వారీగా లెక్కించాలి. దీనికి పద్ధతి: ఆ వారం కొత్త జాబ్‌లు వదలకండి, ఉన్నవి పూర్తి చేయించండి. ట్రాలీల్లో ఎంత తక్కువ ఉంటే లెక్క అంత నిజం.

#7 పుణె_తెలుగోడు
స్టాక్ లెక్క సరిపోయినా రెండో నెలలో బార్ స్టాక్ మైనస్‌లోకి వెళ్తుంది, చూస్తూ ఉండండి. కారణం బీఓఎం, అంటే ఒక్కో ముక్కకి ఎంత మెటీరియల్ పడుతుందో రాసే జాబితా. ఉదాహరణకి 50 మి.మీ. వ్యాసమున్న ఈఎన్8 స్టీలు బార్, ముక్క పొడవు 120 మి.మీ. అనుకుందాం. మనందరికీ తెలిసిన డీ స్క్వేర్ బై 162 (డీ అంటే మి.మీ.లో వ్యాసం) లెక్కన మీటరుకి సుమారు 15.43 కిలోలు. బీఓఎంలో 120 మి.మీ.కి 1.852 కిలోలు అని రాస్తారు. కానీ రంపపు కోతకి 3 మి.మీ. పోతుంది, కాబట్టి 6 మీటర్ల బార్‌లో వచ్చేవి 48 ముక్కలు, చివర 96 మి.మీ. తుక్కు. బార్ బరువు 92.6 కిలోలు, 48తో భాగిస్తే ముక్కకి 1.929. తేడా 77 గ్రాములే. వెయ్యి ముక్కలకి 77 కిలోలు. ఈ మాయం ఎక్కడికి పోయిందని ఓనర్ స్టోర్స్ కీపర్‌ని అనుమానిస్తాడు, అతను సిస్టమ్‌ని తిడతాడు, తప్పు ఇద్దరిదీ కాదు.

కొనేది కిలోల్లో, ఇచ్చేది బార్లలో, వాడేది ముక్కల్లో. మూడు యూనిట్లకీ మార్పిడి మొదటి రోజే మాస్టర్‌లో పెట్టించండి. తుక్కుకి వేరే ఐటెమ్ కోడ్, అమ్మేటప్పుడు తూకంతో సరిచూసుకోవచ్చు.

#8 హెచ్‌ఆర్_డెస్క్
ఇప్పటిదాకా సరుకు గురించే నడిచింది. "మనుషుల్ని తీసేస్తారట" అన్న మాటకి మాటతో జవాబిస్తే సరిపోదు, కాగితం కావాలి. నోటీసు బోర్డు మీద తెలుగు, హిందీ, ఒడియాల్లో ఒక్క పేజీ. అందులో ఏముండాలంటే: ఏం మారుతోంది, ఎప్పుడు, ఎవరి పని ఏ విధంగా మారుతుంది, ఎవరిని అడగాలి. ముఖ్యంగా, మొదటి మూడు నెలల్లో ఈ డేటాని దేనికి వాడరో రాయాలి. "మెషీన్ ఆగిన సమయాల ఆధారంగా ఎవరిమీదా చర్య ఉండదు, ఇన్సెంటివ్ తగ్గదు" అని ఓనర్ సంతకంతో. మాట ఇచ్చాక తప్పితే ఆ తర్వాత ఏ నోటీసునీ ఎవరూ నమ్మరు కాబట్టి, నిలబెట్టుకోగలిగినదే రాయండి. ఎవరినైనా తగ్గించే ఆలోచన నిజంగా ఉంటే "ఎవరినీ తీయం" అని మాత్రం రాయకండి.

చట్టం సంగతి: 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పారిశ్రామిక సంబంధాల కోడ్ 2020, సెక్షన్ 40 ప్రకారం మూడో షెడ్యూల్‌లోని విషయాలు మార్చాలంటే కార్మికులకి ముందుగా నోటీసు ఇచ్చి 21 రోజులు ఆగాలి. జీతం లెక్కించే తీరు, పని గంటలు, షిఫ్టులు, రిట్రెంచ్‌మెంట్‌కి (మనుషుల తొలగింపుకి) దారితీసే అవకాశమున్న యంత్ర, పద్ధతి మార్పులు అందులో ఉన్నాయి. జాబ్ కార్డు బదులు స్కానర్ పెట్టడం ఒక్కటే అందులోకి రాదనుకోవచ్చు. దానితోపాటు ఇన్సెంటివ్ సూత్రం మార్చారంటే వస్తుంది. ఈ రెండింటినీ ఒకే సర్క్యులర్‌లో కలిపేసి ఇరుక్కునేవాళ్లే ఎక్కువ.

అలాగే 20 మంది, అంతకుమించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ తప్పనిసరి. గరిష్ఠంగా పది మంది, రెండు వైపులా సమానంగా. మీకు 60 మంది ఆపరేటర్లున్నారు కాబట్టి కమిటీ ఉండి తీరాలి. ఈ మార్పు మొత్తానికి అదే వేదికగా వాడుకోండి, వారానికి ఒకసారి అరగంట. వేరే "మార్పు కమిటీ" ఎందుకు?

#9 చెర్లపల్లి_షాప్
మేడమ్, ఇన్సెంటివ్ విషయంలో నిజంగానే ఇబ్బంది ఉంది. ఇప్పుడు ఆపరేటర్ జాబ్ కార్డు మీద రాసుకున్న సంఖ్యకి ఇస్తున్నాం. కొత్త సిస్టమ్‌లో క్వాలిటీ వాళ్లు ఓకే చేసిన ముక్కలే లెక్కలోకి వస్తాయి. చాలామందికి తగ్గుతుంది.

#10 హెచ్‌ఆర్_డెస్క్
అయితే గొడవ స్కానర్ పెట్టిన రోజు రాదు, మొదటి పే స్లిప్ వచ్చిన రోజు వస్తుంది. మూడు నెలలు రెండు లెక్కలూ వేయండి, ఏది ఎక్కువైతే అది ఇవ్వండి. పే స్లిప్ మీద రెండు అంకెలూ కనిపించాలి. అప్పుడు తేడా ఎక్కడొస్తోందో ఆపరేటర్లకే తెలుస్తుంది. కొంత తేడా వాళ్లదికాదని మీకూ తెలుస్తుంది: కాస్టింగ్‌లో బ్లోహోల్ వల్ల పోయిన ముక్కకి ఆపరేటర్ ఇన్సెంటివ్ కోయడం న్యాయం కాదు. రిజెక్షన్‌ని మెటీరియల్, మెషినింగ్ అని రెండుగా విడగొట్టాక కొత్త సూత్రం, దానికి 21 రోజుల నోటీసు. నెల జీతం తర్వాతి నెల 7 లోపు పడాలి కాబట్టి రెండు లెక్కలకీ పేరోల్ వాళ్లకి ఒక మనిషి సాయం ముందే చూసిపెట్టండి.

#11 టూల్‌రూమ్67
మేడమ్ చెప్పింది నిజం. తగ్గుతదని తెలిస్తే పోరగాళ్లు స్కాన్ చేసుడే బంద్ పెడ్తరు. "స్కానర్ పని చేస్తలేదు సార్" అంటరు. మీరు స్కానర్లు మారుస్తనే ఉంటరు.

#12 నెట్‌వర్క్_నాని
స్కానర్ మాట వచ్చింది కాబట్టి నా వంతు. మెషీన్ దగ్గర టచ్ స్క్రీన్ ట్యాబ్‌లు పెట్టకండి. కూలెంట్ చేతులతో టచ్ పనిచేయదు, గ్లవ్స్‌తో అసలే పనిచేయదు, నెల తిరిగేసరికి స్క్రీన్ పగులుతుంది. ప్రతి నాలుగు మెషీన్లకి ఒక స్టాండు: చిన్న కంప్యూటర్, మామూలు మానిటర్, వైరుతో 2డీ స్కానర్. కీబోర్డు తీసేయండి. పక్కన లామినేట్ చేసిన బోర్డు మీద పెద్ద క్యూఆర్ కోడ్‌లు: "మొదలు", "ఆపు", "పూర్తి", ఆగిన కారణాలు. ప్రతి కోడ్ మీద బొమ్మ, మూడు భాషల్లో పేరు. ఆపరేటర్ తన ఐడీ కార్డు, జాబ్ కాగితం, బోర్డు మీది కోడ్ వరుసగా స్కాన్ చేస్తే పని అయిపోవాలి. నాలుగో స్కాన్ అవసరమైందంటే స్క్రీన్ డిజైన్ తప్పు.

జాబ్ కాగితం లేబుల్ విషయంలో: చవకగా వస్తుందని డైరెక్ట్ థర్మల్ లేబుల్ కొంటారు. వేడికి, నూనెకి అది నల్లబడుతుంది లేదా వెలిసిపోతుంది. పాలిస్టర్ లేబుల్, రెజిన్ రిబ్బన్‌తో థర్మల్ ట్రాన్స్‌ఫర్ ప్రింటర్ తీసుకోండి. క్యూఆర్ కోడ్‌లో తప్పు సవరణ స్థాయి 'హెచ్' పెట్టించండి, సుమారు 30 శాతం దాకా మరకపడినా చదువుతుంది. 'ఎల్' అయితే 7 శాతమే.

షెడ్డులో వైఫై మీద ఆధారపడకండి, రేకులు, మెషీన్ల మధ్య సిగ్నల్ ఎక్కడికక్కడ పోతుంది. స్టాండ్లకి క్యాట్6 కేబుల్ లాగండి, పవర్ కేబుల్ ట్రేలో కాకుండా వేరే పైపులో. స్విచ్‌కి, రూటర్‌కి చిన్న యూపీఎస్. కరెంటు పోతే మెషీన్లు ఎలాగూ ఆగుతాయి, కానీ నెట్‌వర్క్ తిరిగి లేవడానికి పది నిమిషాలు పడితే ఆ పది నిమిషాల్లోనే "ఇది అయ్యేది కాదు" అనేస్తారు. ఇంటర్నెట్ రెండు కంపెనీలది ఉండాలి. రెండూ పోతే? వరుస నంబర్లున్న చీటీల పుస్తకం ప్రతి స్టాండు దగ్గర. తర్వాతి షిఫ్టు మొదలయ్యేలోపు చీటీలు ఎక్కించాలి, చీటీ నంబరు తప్పితే వెతకాలి.

#13 పుణె_తెలుగోడు
ఆగిన కారణాల కోడ్‌లు ఎనిమిదికి మించొద్దు. టూల్ మార్పు, సెట్టింగ్, మెటీరియల్ లేదు, ఇన్‌స్పెక్షన్ కోసం ఆగడం, మెషీన్ రిపేరు, కరెంటు, ఆపరేటర్ లేడు, ఇతర. వెండర్ డెమోలో 40 కారణాలు చూపిస్తాడు, ఆపరేటర్ అందులో మొదటిదే నొక్కుతాడు. "ఇతర" పదో వంతు దాటితే కారణాలు మళ్లీ రాసుకోవాలి.

ఇక ఈ డేటాతో చేసే పెద్ద తప్పు ఓఈఈ (మెషీన్ మొత్తం సామర్థ్యం శాతం) అంకెని గోడ మీద వేసి మెషీన్‌కి మెషీన్‌కి పోటీ పెట్టడం. లెక్క చూడండి. 480 నిమిషాల షిఫ్టులో విరామం 30 పోగా 450. అందులో 70 ఆగింది, నడిచింది 380. ముక్కకి 2 నిమిషాల సైకిల్, తయారైనవి 160, మంచివి 152. లభ్యత 84.4 శాతం, వేగం 84.2, నాణ్యత 95. మూడూ గుణిస్తే 67.6. ఈ అంకె ఆపరేటర్‌ది అనుకుంటారు. ఆ 70 నిమిషాల్లో ఇన్‌స్పెక్షన్ కోసం ఎంత ఆగింది, బార్ రాక ఎంత ఆగింది అని చూస్తే అది ప్లానింగ్‌ది, క్వాలిటీది, చివరికి మీది. పైగా చిన్న బ్యాచ్‌లు ఎక్కువ నడిచే మెషీన్‌లో సెట్టింగ్ సమయమే ఎక్కువ. దాన్ని రోజంతా ఒకే పార్ట్ తిరిగే మెషీన్‌తో పోల్చడం అన్యాయం.

మొదటి నెల ఒక్క ప్రశ్నే అడగండి: నిన్న మెటీరియల్ లేక, ఇన్‌స్పెక్షన్ లేక ఎన్ని నిమిషాలు ఆగాం? ఆ రెండూ తగ్గించి చూపిస్తే, స్కాన్ చేయడం వల్ల తమకే లాభమని ఆపరేటర్లకి అర్థమవుతుంది. ఆ నమ్మకం ట్రైనింగ్ క్లాసులతో రాదు.

#14 లెక్కల_మాస్టారు
అకౌంట్స్ వైపు నుంచి. ఏప్రిల్ 1 మంచిదే, ఓపెనింగ్ బ్యాలెన్సులు తేలిక. కానీ అదే సమయంలో మీ అకౌంటెంట్ ఏడాది ముగింపు పనిలో మునిగి ఉంటాడు. నెల లెక్క కూడా చూడండి: 7కి జీతాలు, 11కి జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 15కి పీఎఫ్, ఈఎస్‌ఐ, 20కి జీఎస్‌టీఆర్-3బీ (పన్ను కట్టే రిటర్ను). షాపులో ఏది మొదలుపెట్టినా 21 తర్వాత పెట్టండి, అప్పుడు అకౌంట్స్ వాళ్లు ఫోన్ ఎత్తగలుగుతారు.

రెండు సాంకేతిక విషయాలు. ఇన్‌వాయిస్ నంబరు గరిష్ఠంగా 16 అక్షరాలు, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. ఈఆర్‌పీ వాళ్లు కంపెనీ కోడ్, బ్రాంచి, సంవత్సరం, సిరీస్ అన్నీ తగిలించి 20 దాటిస్తారు, ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్ తిప్పికొడుతుంది. ముందే పరీక్షించండి. సంవత్సరం మధ్యలో మొదలుపెట్టాల్సి వస్తే కొత్త అక్షరంతో కొత్త సిరీస్ పెట్టుకోవచ్చు. మీ టర్నోవర్ 5 కోట్లు దాటింది కాబట్టి ఈ-ఇన్‌వాయిస్ తప్పదు, 10 కోట్లు దాటింది కాబట్టి ఇన్‌వాయిస్ తేదీ నుంచి 30 రోజుల్లోపు పోర్టల్‌కి ఎక్కాలి. కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఇరుక్కున్న బిల్లులు ఆ గడువు దాటిపోతే కస్టమర్‌కి పన్ను క్రెడిట్ రాదు, మీ డబ్బు ఆగుతుంది.

ఇంకొకటి, మీది ప్రైవేట్ లిమిటెడ్. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ (ఏది ఎప్పుడు మార్చారో చూపే రికార్డు) ఉండాలి, దాన్ని ఆపడానికి వీలుండకూడదు. "వేగం కోసం లాగ్ ఆపేశాం" అనే వెండర్లున్నారు. ఆడిట్ రిపోర్టులో అది రాయాల్సి వస్తుంది.

పాత, కొత్త రెండూ పక్కపక్కన ఒక పూర్తి నెల నడపండి. ట్రయల్ బ్యాలెన్స్ రూపాయికి రూపాయి కలిసిన తర్వాతే పాతది ఆపండి.

#15 స్టోర్స్‌రూమ్
మాస్టారూ, అకౌంట్స్‌కి అది సరే. స్టోర్స్‌లో, షాపులో నెల రోజులు రెండూ నడపమంటే నేను ఒప్పుకోను. రిజిస్టర్ ఉన్నంతకాలం మనిషి ముందు దానిలోనే రాస్తాడు, తీరిక దొరికినప్పుడు కంప్యూటర్‌లో ఎక్కిస్తాడు. అప్పుడు రెండూ కలుస్తాయి, ఎందుకంటే రెండోది మొదటిదానికి నకలు. ఆ నెల ఏమీ పరీక్షించనట్టే. స్టోర్స్‌లో పది రోజులు చాలు, పదకొండో రోజు రిజిస్టర్లు మీ బీరువాలోకి.

#16 లెక్కల_మాస్టారు
పది రోజుల్లో ఒక్క నెల ముగింపు కూడా రాదు కదండీ. జాబ్ వర్క్ చలాన్లు, రిటర్నులు, తుక్కు అమ్మకం, ఇవన్నీ ఒక చుట్టు తిరగాలి. జాబ్ వర్క్‌కి పంపిన ముడిసరుకు ఏడాదిలో తిరిగి రాకపోతే పన్ను పడుతుంది. పాత చలాన్ల తేదీలు కొత్త సిస్టమ్‌లోకి సరిగ్గా రాకపోతే, అన్నీ ఓపెనింగ్ తేదీతో పడిపోయి ఆ ఏడాది గడువే కనపడదు.

#17 స్టోర్స్‌రూమ్
చలాన్ తేదీల మాట ఒప్పుకుంటాను, ఓపెనింగ్‌లో ఒక్కో చలాన్‌నీ విడివిడిగా, అసలు తేదీతో ఎక్కించాలి. అది డేటా ఎక్కించే పని. దానికోసం రిజిస్టర్ నడపక్కర్లేదు. రిజిస్టర్ బదులు రోజూ 15 ఐటెమ్‌లు లెక్కపెట్టండి, ఖరీదైనవి ఎక్కువసార్లు వచ్చేలా. సిస్టమ్ అంకెతో తేడా వస్తే ఆ రోజే కారణం వెతకండి. మూడు వారాల్లో ఏ తప్పు పదేపదే వస్తోందో బయటపడుతుంది. సాధారణంగా అది రాత్రి షిఫ్టులో తాళం తీసి చీటీ లేకుండా తీసుకున్నదే. రాత్రి షిఫ్టుకి స్టోర్స్ మనిషి లేకపోతే మీ ఈఆర్‌పీ పగటిపూటే పనిచేస్తుంది.

#18 ప్లాంట్‌హెడ్_తడ
ఇద్దరిదీ వాళ్లవాళ్ల చోట సరే. ట్యాలీ నెల నడవనివ్వండి, రిజిస్టర్ పది రోజులే.

సూపర్‌వైజర్ల మౌనం గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు ఆపరేటర్ల భయం కంటే అదే ప్రమాదంగా కనిపిస్తోంది. ఇవాళ ఏ జాబ్ ఏ మెషీన్ మీద ఎక్కించాలో సూపర్‌వైజర్ తన తలలో లెక్కేసుకుంటాడు, అర్జెంటు అంటే జరుపుతాడు, అందుకే అందరూ అతని దగ్గరికి వస్తారు. రేపు ప్లాన్ స్క్రీన్ మీద వస్తే అతని పని ఏమిటి? ఆ ప్రశ్నకి మీ దగ్గర జవాబు లేకపోతే అతను నోటితో అడ్డుచెప్పడు. పాస్‌వర్డ్ మర్చిపోతాడు, స్కాన్ చేయకపోయినా చూడనట్టు వదిలేస్తాడు.

నలుగురితో విడివిడిగా కూర్చుని, ప్లాన్ మార్చే హక్కు ఎవరికి, ఎంతవరకు అన్నది రాసుకోండి. ఉదాహరణకి ఒక షిఫ్టు లోపలి మార్పు సూపర్‌వైజర్‌ది, షిఫ్టు దాటితే ప్లానింగ్‌ది. జాబ్ కార్డులు కూడి రిపోర్టు రాసే పని తప్పుతుంది, ఆ సమయం సెటప్‌లు తగ్గించడానికని చెప్పండి. నలుగురిలో ఒకరిని, వయసు చిన్నదని కాదు, మిగతావాళ్లు మాట వినే మనిషిని చూసి మొదటి సెల్ అప్పజెప్పండి. ఎక్సెల్ డిస్పాచ్ ప్లాన్ నడిపే ఆ ఒక్కరికీ ఇదే సంగతి. ఆయన సెలవు పెడితే ఏమవుతుందో ఇప్పుడే చూసుకోండి.

#19 చెర్లపల్లి_షాప్
ఎక్సెల్ చూసేది మా బాబాయి. ఆ సంభాషణ కొంచెం కష్టం. :) ట్రైనింగ్ ఎంతసేపు, ఎలా?

#20 ప్లాంట్‌హెడ్_తడ
బాబాయి గారిని ప్రాజెక్ట్ హెడ్ చేసేయండి, అడ్డం తిరిగే దారి ఉండదు.

ట్రైనింగ్: నలుగురి చొప్పున, 45 నిమిషాలు, స్టాండు దగ్గరే, వాళ్లు రోజూ చేసే పార్ట్ డ్రాయింగ్‌తోనే. షిఫ్టు మొదట్లో పెట్టండి. ఎనిమిది గంటలు నిలబడ్డాక చెప్పింది తలకెక్కదు. ప్రొజెక్టర్, స్లైడ్లు వద్దు. చివర ప్రతి మనిషీ ఒక జాబ్ మొదలుపెట్టి, ఆపి, కారణం ఇచ్చి, మూసి చూపించాలి, పక్కవాడు చెప్పకుండా. హిందీ, ఒడియా వచ్చిన ఆపరేటర్‌నే ఆ బ్యాచ్‌లకి చెప్పమనండి, ఆ వారం అతనికి ఇన్సెంటివ్ సగటు లెక్కన ఇవ్వండి. వారం తర్వాత మళ్లీ 20 నిమిషాలు. రెండోసారి వచ్చే ప్రశ్నలే అసలైనవి.

మొదలుపెట్టిన మొదటి రెండు వారాలు రెండు షిఫ్టుల్లోనూ వెండర్ మనిషి షాపులో నిలబడాలి. అది కాంట్రాక్టులోనే రాయించండి. వెండర్లందరూ పగటి షిఫ్టుకే వస్తారు.

#21 నెట్‌వర్క్_నాని
కాంట్రాక్టు మాట వచ్చింది కాబట్టి: చివరి 20 నుంచి 25 శాతం సొమ్ము సంతకం చేసిన రోజు కాకుండా, ఒక నెల ముగింపు తప్పుల్లేకుండా పూర్తయ్యాక ఇవ్వండి. మీ డేటా అంతా ఎప్పుడడిగినా సీఎస్‌వీలో (ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైలుగా) ఇవ్వాలని రాయించండి. సర్వర్ మీ దగ్గరే అయితే బ్యాకప్ మూడు కాపీలు, రెండు రకాల మీడియాలో, ఒకటి ఫ్యాక్టరీ బయట. నెలకోసారి ఆ బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. తెరవని బ్యాకప్ లేనట్టే లెక్క.

#22 కొత్త_సభ్యుడు_9
ఫేస్ అటెండెన్స్ చివర పెట్టమన్నారు, వేలిముద్ర మెషీన్ చవక కదా? అదైతే ఇప్పుడే పెట్టేయొచ్చేమో?

#23 హెచ్‌ఆర్_డెస్క్
మెషీన్ షాపులో వేలిముద్ర మొరాయిస్తుంది. కూలెంట్, చిప్స్, బఫింగ్ వల్ల వేలి గీతలు అరిగి ఉంటాయి. రోజూ ఒక పదిమంది గేటు దగ్గర నిలబడిపోతారు. ఫేస్ మెషీన్ నయం, కానీ వెనక నుంచి ఎండ పడే గేటు దగ్గర పెట్టకండి. 45 మంది ఒకేసారి వస్తే మనిషికి 5 సెకన్ల లెక్కన నాలుగు నిమిషాల క్యూ. ఆ క్యూలో నిలబడిన సమయం "లేటు" కింద పడకుండా పది నిమిషాల గ్రేస్ ఇవ్వండి. ఎవరి ముఖమైనా గుర్తుపట్టకపోతే సూపర్‌వైజర్ కార్డుతో ఎక్కించే వీలుండాలి.

ఇంతకంటే ముఖ్యం, సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉండే నియమాలు. "మూడు లేట్లకి సగం రోజు కోత" అని డీఫాల్ట్‌గా వస్తుంది, అది చూసుకోకుండా ఆన్ చేస్తారు. వేతనాల కోడ్ 2019 ప్రకారం గైర్హాజరుకి కోత గైర్హాజరైన సమయానికి మించకూడదు. పదిహేను నిమిషాల లేటుకి సగం రోజు కోయడం చెల్లదు. ఆ నియమం తీసేయించండి. ఓవర్‌టైమ్ రెట్టింపు లెక్కన పడుతోందో లేదో కూడా ఐదారుగురి కార్డులు చేత్తో వేసి సరిచూడండి. సాఫ్ట్‌వేర్ షిఫ్టు దాటిన మొదటి అరగంటని వదిలేసేలా పెట్టి ఉంటుంది చాలాసార్లు.

ముఖాల డేటా ఎవరి సర్వర్‌లో ఉంటుంది, ఉద్యోగం మానేశాక ఎప్పుడు తుడిచేస్తారు అన్నది వెండర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో భద్రతా లోపానికి జరిమానా 250 కోట్ల దాకా ఉంది, అది వెండర్‌ది కాదు, ముందు మీ మెడకే.

#24 కొత్త_సభ్యుడు_9
థ్యాంక్స్ మేడమ్. ఇంకో మాట, కొటేషన్లకి ఏఐ చాట్‌బాట్‌లో డ్రాయింగ్ పెడితే సైకిల్ టైమ్ చెబుతుందంటున్నారు. ఈఆర్‌పీ కంటే అది త్వరగా లాభమేమో?

#25 పుణె_తెలుగోడు
కస్టమర్ డ్రాయింగ్ బయటి సర్వర్‌కి ఎక్కించే ముందు అతనితో ఉన్న గోప్యత ఒప్పందం చదవండి. చాలావాటిలో అది నిషేధమే, రక్షణ రంగం పార్టులైతే ఆలోచనే వద్దు. ఉచిత ఖాతాలో పెట్టింది శిక్షణకి వాడుకునే అవకాశం కూడా ఉంటుంది. ఆఫీసులో ఎవరో ఒకరు ఇప్పటికే పెడుతూ ఉంటారు, కాబట్టి నిషేధం అనడం కంటే ఏది పెట్టొచ్చో రాసివ్వండి: మెయిల్ డ్రాఫ్టు, హిందీలోకి నోటీసు అనువాదం, ఎక్సెల్ సూత్రం సరే. డ్రాయింగ్, ధర, కస్టమర్ పేరు వద్దు. సైకిల్ టైమ్ విషయానికొస్తే, ఆరు నెలల స్కాన్ డేటా చేరాక మీ మెషీన్లలో అసలు పట్టిన సమయాలే మీ దగ్గరుంటాయి. కొటేషన్‌కి అంతకంటే మంచి ఆధారం ఏ బాట్ ఇవ్వదు.

#26 చెర్లపల్లి_షాప్
ఇప్పటికి నిర్ణయించుకున్నది: మాస్టర్ పని సోమవారం నుంచి స్టోర్స్ కీపర్‌తో. మార్చి చివరి ఆదివారం స్టాక్ లెక్కింపు, ఏప్రిల్ 1 నుంచి స్టోర్స్, కొనుగోళ్లు మాత్రమే, బిల్లింగ్ ట్యాలీలోనే. ఏప్రిల్ 21 తర్వాత డిస్పాచ్, బిల్లింగ్. జూన్‌లో నాలుగు టర్నింగ్ మెషీన్లతో మొదటి సెల్. ఒక్క సందేహం: జూన్‌లో బిహార్, ఒడిశా వాళ్లు చాలామంది ఊళ్లకి వెళ్తారు, నాట్ల సమయం. నేర్పినవాళ్లు వెళ్లిపోతే?

#27 టూల్‌రూమ్67
అయితే జూన్ల పెట్టకుండ్రి. ఉన్నోళ్ల మీద డబుల్ పని పడ్తది, దాన్ల స్కానర్ ఒకటా అని తిడ్తరు. వాళ్లు తిరిగొచ్చినంక ఆగస్టుల మొదలు పెట్టుండ్రి. ఈ రెండు నెలలు ఆ స్టాండ్లు ఒక్క మెషీన్ కాడ పెట్టి, మీ సెట్టర్‌తోని బోర్డు మీది కోడ్‌లు సరిగున్నయా చూసుకోండ్రి. తప్పులన్నీ ఆడనే ఎల్తయి.

#28 ప్లాంట్‌హెడ్_తడ
ఆగస్టు సరైనదే. కాకపోతే వెండర్ కాంట్రాక్టులో షాపు ఫ్లోర్ సపోర్టు తేదీలు ఇప్పుడే మార్పించండి. ఏప్రిల్ నుంచి 90 రోజులని రాసి ఉంటే జూన్ చివరికే అయిపోతుంది, మీకు మనిషి కావలసింది ఆగస్టులో.